స్పీకర్లున్నాయి, సడి లేదు

2019 తర్వాత వచ్చిన ఇంటెల్ ల్యాప్‌టాప్ కొని, అందులో విండోస్ తీసేసి డెబియన్ లినక్స్ ఎక్కించుకున్నవాళ్లలో చాలామందికి ఈ సంగతి అనుభవమే. తెర బాగుంటుంది, టచ్‌ప్యాడ్ చెప్పినట్టు వింటుంది, బ్యాటరీ లెక్క సరిగ్గా చూపిస్తుంది. పాట పెడితే మాత్రం చప్పుడుండదు. సౌండ్ సెట్టింగ్స్ తెరిస్తే స్పీకర్ పేరుండాల్సిన చోట ‘డమ్మీ అవుట్‌పుట్’ అని కనిపిస్తుంది. సౌండ్ కార్డు దొరకనప్పుడు ప్రోగ్రాములు మొరాయించకుండా ఉండేందుకు సౌండ్ సర్వర్ నిలబెట్టే ఉత్తుత్తి పరికరం అది. పాట నడుస్తూనే ఉంటుంది, నిమిషాలు కదులుతూనే ఉంటాయి. చెవికి చేరేది ఏమీ ఉండదు.

ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెలాంటి కెర్నెల్ రాసుకున్న చిట్టా తిరగేస్తే విషయం ఒక్క వరుసలో బయటపడుతుంది. ‘సోఫ్-సీఎన్‌ఎల్.ఆర్‌ఐ’ అనే ఫైలు అడిగాను, దొరకలేదు, ఎర్రర్ మైనస్ 2. యూనిక్స్ లెక్కల్లో 2 అంటే అలాంటి ఫైలే లేదని. ఫోనుతో తీసిన ఫొటో అంత కూడా ఉండని ఆ ఫైలు లేనందుకు వేలు పోసి కొన్న యంత్రం మూగబోయింది.

ఎవరో పెట్టడం మరిచిపోయి ఉంటారని మొదట అనిపిస్తుంది. మరుపేమీ లేదు. చాలామంది చాలా ఏళ్లు వాదించుకుని, ఓట్లు వేసుకుని, అలాంటి ఫైళ్లు అక్కడ ఉండకూడదని తీర్మానించారు. అదే జనం మళ్లీ ఓట్లు వేసుకుని తీర్మానం మార్చుకున్నారు కూడా. ఈ రెండు ఓట్ల మధ్య జరిగిందే ఈ కథ.

అసలు సౌండ్ కార్డుకు ఫైలుతో పనేమిటి? 1987లో కెనడాలోని క్విబెక్ నుంచి వచ్చిన ఆడ్‌లిబ్ కార్డుకు ఏ పనీ లేదు. దాని మీద యమహా వాళ్ల చిప్ ఉండేది. రిజిస్టర్లలో అంకెలు రాస్తే స్వరాలు పలికేది, అంతే. 1989లో సింగపూర్ కంపెనీ క్రియేటివ్ నుంచి సౌండ్ బ్లాస్టర్ వచ్చింది. అందులో ‘డీఎస్‌పీ’ అని ఘనంగా చెప్పుకున్నది నిజానికి ఇంటెల్ 8051 కుటుంబానికి చెందిన చిన్న మైక్రోకంట్రోలర్. అదేం చేయాలో చెప్పే ప్రోగ్రాము ఫ్యాక్టరీలోనే దాని రోమ్‌లో అచ్చుపడి వచ్చేది. పరికరం లోపల నడిచే ఇలాంటి ప్రోగ్రామునే ఫర్మ్‌వేర్ అంటారు. కార్డు కొన్నవాడికి మాత్రం అలాంటిదొకటి ఉందని తెలియాల్సిన అవసరమే రాలేదు.

తొంభైల చివర్లో పీసీఐ కార్డులు వచ్చాక లెక్క మారింది. యమహా డీఎస్-1, ఈఎస్‌ఎస్ మాస్ట్రో-3, రికార్డింగ్ స్టూడియోల కోసం కోర్గ్ చేసిన 1212 లాంటి వాటిలో అసలైన సిగ్నల్ ప్రాసెసర్లు ఉన్నాయి. వాటిని నడిపే ప్రోగ్రాము పెద్దదైంది. రోమ్‌లో అచ్చువేయిస్తే ఖర్చు, తప్పు దొరికితే దిద్దే దారి లేదు. అందుకని కంపెనీలు చిప్పులో ఖాళీ ర్యామ్ ఉంచి, కంప్యూటర్ వెలిగిన ప్రతిసారీ డ్రైవరే ప్రోగ్రామును లోపలికి పంపేలా చేశాయి. కరెంటు ఆగితే చిప్ అంతా మరిచిపోతుంది, మళ్లీ వెలిగిస్తే మళ్లీ చెప్పాలి. విండోస్ వాడేవాళ్లకు తేడా తెలియలేదు, డ్రైవర్ సీడీలో అన్నీ కలిసే వచ్చేవి.

ఇంజనీర్లు ఖర్చు చూసుకుని చేసిన ఈ మార్పుకు చట్టం వైపు నుంచి పెద్ద పర్యవసానమే ఉంది. నిన్నటిదాకా కార్డులో ఒక ముక్కగా అమ్ముడుపోయిన ప్రోగ్రాము, ఇవాళ కాపీరైటు ఉన్న విడి ఫైలు. కార్డు కొన్నాక కార్డు మీది. దాన్ని ఇంకొకరికి అమ్మవచ్చు, దానమూ చేయవచ్చు. ఆ ఫైలును కాపీ చేసి ఇంకొకరికి ఇవ్వాలంటే మాత్రం కంపెనీ ఒప్పుకోవాలి. ఉచితంగా కాపీ చేసి పంచిపెట్టడం మీదే నిలబడ్డ ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఇది గొంతులో వెలక్కాయ.

లినక్స్‌లో శబ్దం తొలుత ఫిన్లాండ్‌కు చెందిన హన్ను సవొలైనెన్ రాసిన డ్రైవర్లతో మొదలైంది. ఓఎస్‌ఎస్ అని పేరుపడ్డవి అవే. తర్వాత చెక్ ప్రోగ్రామర్ యారోస్లావ్ కిసెలా, గ్రావిస్ అల్ట్రాసౌండ్ అనే కార్డు కోసం సొంతంగా డ్రైవర్ రాసుకున్నాడు. దాని నుంచే 1998లో ఆల్సా ప్రాజెక్టు పుట్టింది. 2003 డిసెంబర్‌లో వచ్చిన 2.6 కెర్నెల్‌తో ఓఎస్‌ఎస్‌ను పక్కకు నెట్టి ఆల్సా ఆ స్థానంలో కూర్చుంది. ఇవాళ లినక్స్‌లో వినిపించే ప్రతి శబ్దమూ దాదాపుగా ఆల్సా మీదుగానే వస్తోంది.

ఆ రోజుల్లో ఫర్మ్‌వేర్ కావాల్సిన కార్డులకు ఆల్సావాళ్లు తేలిక దారి ఎంచుకున్నారు. ఫర్మ్‌వేర్‌లోని అంకెలన్నిటినీ సీ భాషలో పెద్ద పట్టికగా రాసి, డ్రైవర్ సోర్సులోనే ఒక హెడర్ ఫైలుగా పెట్టేశారు. యమహా డ్రైవర్ పక్కన ‘వైఎంఎఫ్‌పీసీఐ_ఇమేజ్.హెచ్’ అని ఒక ఫైలుండేది. తెరిస్తే పేజీలకు పేజీలు హెక్సాడెసిమల్ అంకెలు. కంపైల్ చేస్తే కెర్నెల్‌తో కలిసిపోతుంది, కార్డు పలుకుతుంది. వాడేవాడికి ఏ బాధా లేదు.

బాధ లైసెన్సు చదివేవాళ్లకు మొదలైంది. లినక్స్ కెర్నెల్ జీపీఎల్ రెండో వెర్షన్ కింద ఉంది. దాని ప్రకారం ప్రోగ్రాము ఇచ్చేవాడు సోర్సూ ఇవ్వాలి. సోర్సు అంటే ఏమిటో కూడా జీపీఎల్ చెప్పింది: మార్పులు చేయడానికి వీలుగా ఉండే రూపం. ఆ హెక్సా అంకెల పట్టిక అలాంటి రూపమేనా? యమహాలో ఎవరో ఇంజనీరు కూర్చుని ఆ అంకెల్ని ఒక్కొక్కటిగా టైపు చేశాడని ఎవరూ నమ్మరు. అసలు సోర్సు కంపెనీ దగ్గర ఉంది, బయటికొచ్చింది దాని ఫలితం మాత్రమే. అంటే జీపీఎల్ పేరు పెట్టుకుని జీపీఎల్ ఒప్పుకోని సరుకును పంచుతున్నట్టు. దావా వేసేవాళ్లు లేరు కాబట్టి సరిపోయింది. కాని దావా లేనంత మాత్రాన తప్పు ఒప్పవదని వాదించేవాళ్లు డెబియన్‌లో గట్టిగానే ఉన్నారు.

దీనికి సాంకేతికమైన పరిష్కారం 2003లోనే వచ్చింది. స్పెయిన్‌కు చెందిన డెబియన్ డెవలపర్ మాన్యుయెల్ ఎస్ట్రాడా సైన్స్, ఫర్మ్‌వేర్‌ను కెర్నెల్ బయట ఉంచే ఏర్పాటు రాశారు. డ్రైవర్ ఫలానా పేరున్న ఫైలు కావాలని అడుగుతుంది. డిస్కులో ‘లిబ్’ కింద ‘ఫర్మ్‌వేర్’ అనే ఫోల్డరులో ఆ పేరుతో ఫైలుంటే తెచ్చి చిప్పుకు అందిస్తారు. లేకపోతే మైనస్ 2. ఇప్పటికీ వాడుతున్నది ఆ ఏర్పాటే. దాన్ని రాసిన మనిషి మాత్రం మరుసటి ఏడాదే, ఒక స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సభ నుంచి తిరిగొస్తూ రోడ్డు ప్రమాదంలో చనిపోయారు. మన ల్యాప్‌టాప్ వెలిగిన ప్రతిసారీ వైఫై చిప్పుకో గ్రాఫిక్స్ చిప్పుకో సౌండ్ చిప్పుకో ఆయన కోడ్ ఫైళ్లు మోస్తూనే ఉంది.

మొదట్లో ఆ ఫైలు వెతికి తెచ్చే బాధ్యత కెర్నెల్ బయటి ప్రోగ్రాములది, తర్వాత తర్వాత వాటిలోనే పరికరాల సంగతి చూసుకునే యూడెవ్‌ది. 2012లో యూడెవ్‌లో చేసిన ఒక మార్పు వల్ల ఫర్మ్‌వేర్ అందడం ఆలస్యమై డ్రైవర్లు నీలుగుతుంటే లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్‌కు ఒళ్లు మండింది. ఇక ఎవరినీ అడగక్కర్లేదు, కెర్నెలే నేరుగా డిస్కు మీంచి చదువుకోవాలని కెర్నెల్ 3.7 వెర్షన్‌లో మార్చిపడేశాడు. కోపం కూడా కొన్నిసార్లు మంచి ఇంజనీరింగ్ చేయిస్తుంది.

ఫైలును బయట పెట్టే వీలు దొరికింది సరే, బయట అంటే ఎక్కడ? 2008లో కెర్నెల్ డెవలపర్ డేవిడ్ వుడ్‌హౌస్, డ్రైవర్లలో ఇరుక్కున్న అంకెల పట్టికలను ఏరి ఒక ఫోల్డరులోకి చేర్చాడు, విడిగా ‘లినక్స్-ఫర్మ్‌వేర్’ అనే భాండాగారాన్నీ మొదలుపెట్టాడు. యమహా, మాస్ట్రో, కోర్గ్, పాత సౌండ్ బ్లాస్టర్ 16 పట్టికలన్నీ అలా డ్రైవర్ల నుంచి విడివడ్డాయి. ఏ ఫైలు ఎక్కడి నుంచి వచ్చింది, ఏ లైసెన్సు కింద వచ్చిందని రాసిపెట్టిన ‘వెన్స్’ అనే జాబితా కూడా అక్కడుంది. తీరిక ఉంటే చదవండి. కొన్ని పాత ఫైళ్ల ఎదురుగా, లైసెన్సు తెలియదు, అంకెల రూపంలో దొరికింది అన్న అర్థంలో రాసి ఉంటుంది. దశాబ్దంపాటు ప్రపంచమంతా పంచుకున్న ఫైళ్ల మీద హక్కు ఎవరిదో చెప్పే కాగితం ముక్క లేదన్నమాట.

ఇక డెబియన్. 1993లో ఇయన్ మర్డాక్ మొదలుపెట్టిన ఈ ప్రాజెక్టుకు యజమాని లేడు, కంపెనీ లేదు. 1997లో రాసుకున్న సామాజిక ఒప్పందం ఉంది, ఏదైనా తేలకపోతే డెవలపర్ల ఓటు ఉంది. ఉబుంటు, మింట్ లాంటివన్నీ దీని పిల్లలే. తెలుగులో స్వేచ్ఛ సంస్థ తెచ్చిన ఆపరేటింగ్ సిస్టమ్ మూలాలూ ఇక్కడివే. అందుచేత ఇక్కడ జరిగే ఓటు డెబియన్ పేరు కూడా వినని వాళ్ల కంప్యూటర్ల దాకా వెళ్తుంది.

2004లో ఆ ఒప్పందంలో పదాలు సవరించే ఓటు ఒకటి జరిగింది. పైకి భాషా సవరణలా కనిపించింది. తీరా నెగ్గాక చూస్తే, డెబియన్‌లో ఉన్నదంతా స్వేచ్ఛగా మార్చుకోదగినదై ఉండాలన్న నియమం ప్రోగ్రాములతో ఆగకుండా ఫర్మ్‌వేర్‌కూ డాక్యుమెంటేషన్‌కూ పాకింది. అలాగైతే రాబోయే విడుదల ఎప్పటికీ రాదని గోల. మళ్లీ ఓటు పెట్టి, ఈ ఒక్క విడుదలకు మినహాయిద్దామన్నారు. 2006లో తర్వాతి విడుదలకూ అదే తంతు. 2008లో ఇంకోసారి. ఆ ఏడాది బ్యాలెట్ పత్రం ఎలా రాయాలన్న దాని మీదే తగవు ముదిరి, ప్రాజెక్టు కార్యదర్శి మనోజ్ శ్రీవాస్తవ రాజీనామా చేశారు. గెలిచిన తీర్మానం సారాంశం ఏమిటంటే, కాదని రుజువయ్యేదాకా ఆ అంకెల పట్టికలు జీపీఎల్ ప్రకారమే ఉన్నాయని అనుకుందాం. అందరికీ తెలిసిన విషయాన్ని తెలియనట్టు నటించడానికి ఓటు వేసి మరీ ఒప్పుకోవడం అది. లౌక్యం అంటే అదే మరి.

వాయిదాలు 2011 ఫిబ్రవరితో అయిపోయాయి. డెబియన్ 6 వచ్చింది. దాని కెర్నెల్‌లో సోర్సు లేని ఫర్మ్‌వేర్ ఒక్కటీ లేదు. అన్నిటినీ ఏరి ‘నాన్-ఫ్రీ’ అనే విడి భాగంలో పెట్టారు. కావాలన్నవాళ్లు వెతుక్కుని తెచ్చుకోవచ్చు, అధికారిక డిస్కులో మాత్రం ఉండవు.

ఇక్కడ తాత్త్వికమైన చిక్కు ఒకటుంది. అదే ప్రోగ్రాము చిప్పు లోపలి రోమ్‌లో ఉంటే దాన్ని వైరింగులో భాగంగా చూసి ఊరుకోవచ్చని, డిస్కు మీద ఫైలుగా ఉంటే మాత్రం సాఫ్ట్‌వేర్‌గా చూసి కాదనాలని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమంలో గట్టి వాదన ఉంది. ఈ తర్కం నాకెప్పుడూ పూర్తిగా మింగుడుపడలేదు. కంటికి కనిపించకుండా దాచినవాడు గట్టెక్కి, ఫైలుగా బయటపెట్టినవాడు దోషి అవుతున్నాడు. అయినా వాళ్ల మాటలో నిజం లేకపోలేదు. రోమ్‌లో ఉన్నదాన్ని కంపెనీ కూడా మార్చలేదు, మీరూ మార్చలేరు, ఇద్దరూ సమానం. ఫైలును కంపెనీ మార్చగలదు, మీరు మార్చలేరు. తేడా అక్కడుంది.

తమాషా ఏమిటంటే, ఇన్ని తగవులు జరిగిన కాలంలో మామూలు కంప్యూటర్లలో శబ్దానికి ఫర్మ్‌వేర్ బాధే లేదు. 2004లో ఇంటెల్ హెచ్‌డీ ఆడియో అనే ప్రమాణం తెచ్చింది. మదర్‌బోర్డు మీద రెండు మూడు డాలర్ల లోపు కోడెక్ చిప్. తనలో ఏ ఏ భాగాలున్నాయో, ఏది దేనితో కలిసిందో అడిగితే అదే చెబుతుంది. డ్రైవర్ ఆ పటం చదువుకుని పని మొదలుపెడుతుంది. ఫైలు అక్కర్లేదు. దశాబ్దానికి పైగా లినక్స్‌లో సౌండ్ అంటే చాలావరకు వేసిన వెంటనే పలికేదే. కొన్ని మోడళ్లలో హెడ్‌ఫోన్ జాక్ పేచీ పెట్టేది. ఆల్సాను చూసుకునే తకాషి ఇవాయ్ లాంటివాళ్లు మోడల్ తర్వాత మోడల్‌కు చిన్న చిన్న సవరణలు రాస్తూ దాన్నీ దారికి తెచ్చేవారు. ఫర్మ్‌వేర్ గొడవ వైఫై కార్డులవాళ్లకు మిగిలింది. సౌండ్‌వాళ్లు ఆ సంగతే మరిచిపోయారు.

ఆ నిశ్చింతకు గండి కొట్టింది మైక్రోఫోన్. ల్యాప్‌టాప్ పలుచబడే కొద్దీ తయారీదారులు మూతకు రెండో నాలుగో డిజిటల్ మైకులు పొదిగి, వాటి తీగలను కోడెక్ చిప్పుకు కాకుండా నేరుగా ఇంటెల్ చిప్‌సెట్‌లో ఉన్న డీఎస్‌పీకి, అంటే సిగ్నల్ ప్రాసెసర్‌కు, కలపడం మొదలుపెట్టారు. ప్రధాన ప్రాసెసర్ నిద్రపోతున్నా డీఎస్‌పీ మేలుకుని పిలుపు వినగలదు, చుట్టుపక్కల రొద తీసేయగలదు, బ్యాటరీ ఆదా. ఆ డీఎస్‌పీ టెన్సిలికా ఎక్స్‌టెన్సా జాతి చిన్న ప్రాసెసర్. దానికి సొంత ప్రోగ్రాము కావాలి, అది డిస్కు మీంచే రావాలి. యమహా కార్డుల నాటి పరిస్థితి ఇరవై ఏళ్లకు మళ్లీ గుమ్మంలోకొచ్చింది.

ఈసారి ఇంటెల్ ఇంజనీర్లు మంచి పనే చేశారు. లియామ్ గిర్డ్‌వుడ్, పియెర్-లూయి బొస్సార్ వంటివాళ్లు ముందుండి నడిపిన ‘సౌండ్ ఓపెన్ ఫర్మ్‌వేర్’ ప్రాజెక్టును 2018 మార్చిలో ప్రకటించారు. వాడుకలో సోఫ్. పూర్తి సోర్సుతో, బీఎస్‌డీ, ఎంఐటీ లైసెన్సుల కింద. ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు, కంపైల్ చేయొచ్చు. డెబియన్‌వాళ్లు ఇన్నేళ్లు అడిగింది అదే కదా? తర్వాత ఏఎండీ, ఎన్‌ఎక్స్‌పీ, మీడియాటెక్ కూడా ఇందులో చేరాయి.

మరి ఇంత చేసినా ఫైలు ‘నాన్-ఫ్రీ’లోనే ఎందుకు పడింది? మార్కెట్‌లో అమ్మే ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో చాలావాటి డీఎస్‌పీ ఏ ఫైలు పడితే ఆ ఫైలు నడపదు. దాని మీద ఇంటెల్ రహస్య తాళంచెవితో చేసిన డిజిటల్ సంతకం ఉందా లేదా చూస్తుంది. సంతకం లేకపోతే గడప దాటనివ్వదు. మీరు సోర్సు తెచ్చుకుని, బైటు పొల్లు పోకుండా అదే ఫైలు తయారుచేసినా మీ ల్యాప్‌టాప్ దాన్ని తోసిపుచ్చుతుంది. క్రోమ్‌బుక్‌లూ, అప్-స్క్వేర్డ్ లాంటి కొన్ని బోర్డులూ మాత్రం అందరికీ తెలిసిన తాళంచెవితో చేసిన సంతకాన్ని ఒప్పుకుంటాయి. మిగతావాళ్లు ఇంటెల్ సంతకం పెట్టి ఇచ్చిందే తెచ్చుకోవాలి. డెబియన్‌లో ఆ ప్యాకేజీ పేరే ‘ఫర్మ్‌వేర్-సోఫ్-సైన్డ్’. డెబియన్ తన నియమం ప్రకారం సోర్సు నుంచి తానే తయారుచేయగలిగిన దాన్నే ప్రధాన భాగంలో పెడుతుంది. ఆ సంతకాన్ని డెబియన్ తయారుచేయలేదు. సోర్సు తెరిచి ఉంది, తలుపు మూసి ఉంది.

2019 చివర, 2020లో ఇదంతా వాడేవాళ్ల నెత్తిన పడింది. కొత్త కెర్నెల్‌లో పాత హెచ్‌డీ ఆడియో డ్రైవర్, డిజిటల్ మైకు కనిపించగానే ఇది నా పని కాదని తప్పుకుని సోఫ్ డ్రైవర్‌కు దారిచ్చేది. సోఫ్ డ్రైవర్ ఫైలు అడిగేది. ఫైలు ఉండేది కాదు. మైకు కోసం వెళ్తే స్పీకరూ పోయింది. తంటాలు పడి ఆ ఫైలు తెచ్చి పెట్టినవాళ్లకు రెండో మెట్టు ఎదురయ్యేది: టోపాలజీ అని ఇంకో ఫైలు కూడా ఉండాలి, ఏ తీగ ఎటు పోతుందో డీఎస్‌పీకి చెప్పేది అదే. విసిగినవాళ్లు డిజిటల్ మైకును పట్టించుకోవద్దని డ్రైవర్‌కు ఒక ఆప్షన్ ఇచ్చి పాత దారికి మళ్లేవారు. పాటలు వచ్చేవి, మైకు మాత్రం మాయం. అది కరోనా ఏడాది. ఇల్లిల్లూ జూమ్ క్లాసులు, మీటింగులు నడుస్తుంటే మైకు లేని ల్యాప్‌టాప్ ఎందుకూ కొరగాదు.

2021 ఆగస్టులో డెబియన్ 11 వచ్చేనాటికీ అధికారిక ఇన్‌స్టాలర్‌లో ఫర్మ్‌వేర్ లేదు. ఫర్మ్‌వేర్ కలిపిన డిస్కులను కూడా డెబియన్‌వాళ్లే తయారుచేసేవారు. కాకపోతే అనధికారికం అని ముద్రవేసి, వెబ్‌సైటులో ఓ మూల పెట్టేవారు. దొరకబుచ్చుకున్నవాడిది అదృష్టం. కొత్తవాడికి మొదటి పేజీలో దొరికేది పనిచేయని డిస్కు. పవిత్రత కాపాడుకోవడం అంటే ఇదేనా అని లోపలివాళ్లే గొణుక్కోసాగారు.

2022 ఏప్రిల్‌లో, డిస్కు ఇమేజ్‌లు తయారుచేసే బృందంలోని స్టీవ్ మెకింటైర్ ఆ గొణుగుడును బహిరంగం చేశారు. ఆయన చూపిన కారణాల్లో వైఫై ఉంది, గ్రాఫిక్స్ ఉంది. నా దృష్టిలో అన్నిటికన్నా బరువైనది శబ్దం. డెబియన్ ఇన్‌స్టాలర్‌కు చాలా ఏళ్లుగా ఒక మంచి గుణం ఉంది. బూట్ మెనూలో ‘ఎస్’ నొక్కి ఎంటర్ కొడితే అది ప్రతి ప్రశ్ననూ పైకి చదివి వినిపిస్తుంది. చూపు లేనివాళ్లు ఇంకొకరి సాయం లేకుండా తమ కంప్యూటర్‌లో తామే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోగల సదుపాయం. సౌండ్ ఫర్మ్‌వేర్ లేకపోతే ఆ ఇన్‌స్టాలర్ నోరు పెగలదు. చూపున్నవాడు డమ్మీ అవుట్‌పుట్ చూసి విసుక్కుని, ఇన్‌స్టాల్ ముగిశాక ఫైలు వెతుక్కుంటాడు. చూపు లేనివారికి ఇన్‌స్టాల్ మొదలే కాదు. వాడుకరి స్వేచ్ఛ కోసం రాసుకున్న నియమం, అందరికన్నా ముందు ఆ స్వేచ్ఛ కావాల్సినవాళ్లను గేటు దగ్గరే ఆపేస్తోంది. ఈ వాదనకు జవాబు చెప్పడం కష్టం.

2022 అక్టోబర్ మొదట్లో ఓటు ఫలితం వచ్చింది. సామాజిక ఒప్పందాన్నే సవరించాలి కాబట్టి ఒకటికి మూడు వంతుల ఆధిక్యం కావాలి. వచ్చింది. పరికరం పనిచేయడానికి అవసరమైన ఫర్మ్‌వేర్‌ను అధికారిక డిస్కులో కలపవచ్చని ఒప్పందంలో ఒక వాక్యం చేరింది. ఒకే ఇన్‌స్టాలర్, అందులోనే ఫర్మ్‌వేర్. 2023 జూన్ 10న వచ్చిన డెబియన్ 12లో దీనికోసం ‘నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్’ అని కొత్త భాగం పెట్టారు. మిగతా నాన్-ఫ్రీ సామానుతో కలవకుండా ఫర్మ్‌వేర్ ఒక్కటే ఉంటుంది. ఇన్‌స్టాలర్ మీ యంత్రం ఏది అడుగుతోందో చూసి దాన్నే వేస్తుంది. వద్దనుకునేవాళ్లు బూట్ సమయంలో ‘ఫర్మ్‌వేర్=నెవర్’ అని రాస్తే చాలు. ఇంత చిన్న ఏర్పాటుకు 2004 నుంచి లెక్కేస్తే పద్దెనిమిదేళ్లు పట్టింది. ఓటు సరైనదేనని నా అభిప్రాయం. కాదన్నవాళ్ల భయం కూడా ఉత్తదేం కాదు. అడిగే ఒత్తిడి తగ్గితే కంపెనీలు సోర్సు ఇవ్వడం మానేస్తాయని వాళ్లన్నారు. సోఫ్ లాంటిది పుట్టడం వెనుక, మూసిన ఫైళ్లను ఏళ్ల తరబడి కాదన్న మొండితనం కొంతైనా ఉందని ఒప్పుకోవాలి.

కథ ఇక్కడితో కంచికి వెళ్లలేదు. ఇప్పుడు చిక్కు ఇంకో మెట్టు కిందికి, స్పీకర్ పక్కకు చేరింది. కొత్త ల్యాప్‌టాప్‌లలో స్పీకర్లకు ముందు సిరస్ లాజిక్ సీఎస్35ఎల్41, టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ టీఏఎస్2781 వంటి తెలివైన యాంప్లిఫయర్ చిప్పులు ఉంటున్నాయి. అరచేతిలో దాగే చిన్న స్పీకర్ నుంచి పెద్ద శబ్దం రాబట్టాలంటే దాన్ని అంచుదాకా తోయాలి, అలాగని లోపలి చుట్ట కాలిపోకూడదు. కాయిల్ ఎంత వేడెక్కింది, పొర ఎంత ఊగుతోంది అని యాంప్లిఫయర్ లెక్క వేస్తూ ఉండాలి. ఆ లెక్క చేసే ప్రోగ్రాము ఫర్మ్‌వేర్. పైగా ఏ మోడల్ స్పీకర్ ఎంత తట్టుకుంటుందో చెప్పే ట్యూనింగ్ ఫైలు ఒక్కో మోడల్‌కు ఒక్కొక్కటి. హెచ్‌పీది లెనోవోకు పనికిరాదు, ఒకే కంపెనీలో ఈ ఏడాది మోడల్‌ది నిరుటి మోడల్‌కు పనికిరాదు. ఫైలు లేకపోతే హెడ్‌ఫోన్‌లో పాట హాయిగా వస్తుంది, స్పీకర్లు మాత్రం మౌనం, లేదంటే దోమ రొద అంత గొంతు.

ఈ జాగ్రత్త ఎంత అవసరమో ఆపిల్ సొంత చిప్పుల ల్యాప్‌టాప్‌లలో లినక్స్ నడిపించే అసాహి బృందం చూపించింది. ఆ స్పీకర్లను కాపాడే పని వాళ్లే ‘స్పీకర్‌సేఫ్టీడీ’ అనే ప్రోగ్రాముగా రాశారు. అది సిద్ధమయ్యేదాకా స్పీకర్లను కావాలనే మూసి ఉంచారు. పలికించడం చేతగాక కాదు, కాల్చేస్తామేమోనని. మూసిన ఫర్మ్‌వేర్ చేసే పనిని తెరిచిన కోడ్‌తోనూ చేయొచ్చని దాంతో తేలింది. ఓపిక, కొలతలు, కాలిపోయినా ఫర్వాలేదనుకునే ఒకటి రెండు ల్యాప్‌టాప్‌లు కావాలి, అంతే.

కాబట్టి సికింద్రాబాద్‌లో కంప్యూటర్ల అంగళ్లుండే సీటీసీలో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా, లినక్స్ కోసం ల్యాప్‌టాప్ తీసుకునేవాళ్లకు ఒక మాట. విండోస్ చెరిపేయకముందే పెన్‌డ్రైవ్ మీంచి లినక్స్‌ను బూట్ చేసి స్పీకర్‌లో ఒక పాట వినండి, హెడ్‌ఫోన్ పెట్టి వినండి, మైకులో నాలుగు మాటలు రికార్డు చేసి వినండి. మూడూ వేర్వేరు చిప్పుల మీదుగా వెళ్లవచ్చు, ఒకటి పనిచేసిందంటే మిగతావీ పనిచేస్తాయని కాదు. ఏదైనా పలకకపోతే కెర్నెల్ చిట్టాలో ఏ ఫైలు పేరు పక్కన మైనస్ 2 ఉందో రాసుకోండి. డెబియన్ 12 లేదా ఆ తర్వాతి డిస్కయితే ఆ ఫైలు చాలావరకు దొరుకుతుంది. దొరకకపోతే ఆ పేరుతో, మీ మోడల్ నంబరుతో తయారీదారుకే ఉత్తరం రాయండి. ఆ ట్యూనింగ్ ఫైలు వాళ్ల దగ్గర ఉంటుంది. లినక్స్-ఫర్మ్‌వేర్‌లో చేర్చే అనుమతి ఇవ్వాల్సింది కూడా వాళ్లే.